కొక్కెం డాక్టరు

ఆపరేషన్ థియేటర్లో అందరూ ఆయన్ని కొక్కెం డాక్టరనే పిలిచేవారు. కడుపు తెరిచాక కాలేయం అడ్డు రాకుండా పక్కకు లాగి పట్టుకునే ఉక్కు కొక్కెం ఒకటుంటుంది. అన్నిటికన్నా పై చదువు, సర్జరీలో ఆఖరి పట్టా కోసం చేరిన మూడేళ్లూ ఆయన పట్టుకున్నది అదే.

పడవలు చేసే షెడ్లలో, చెప్పులు కుట్టే కొట్లలో, పని ఎలా నేర్పుతారో చూస్తూ నేను చాలా కాలం గడిపాను. అక్కడ పని నేర్చుకునేవాడికి ముందు పనిముట్టు ఇచ్చి, ఆనక తిడతారు. ఇక్కడ తిట్లు ముందొచ్చాయి, కత్తి రానేలేదు.

నిబంధనలు మాత్రం కట్టుదిట్టమైనవే. పరీక్షకు కూర్చోవాలంటే పెద్ద ఆపరేషన్లు సొంతంగా చేసి ఉండాలి. అందుకని ఆ థియేటర్లో ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. పెద్ద సర్జను కోస్తుండగా శిష్యుడు ఆయన మణికట్టు మీద ఓ క్షణం వేళ్లు ఆనించాలి. ఆనిస్తే శిష్యుడు చేసినట్టే.

"సార్, ఈ ఒక్కటీ నన్ను చెయ్యనివ్వండి," అని పరీక్ష దగ్గరపడ్డాక కొక్కెం డాక్టరు బతిమాలాడు.

"తొందరేంట్రా? పట్టా వచ్చాక జీవితాంతం కోసుకుందువుగాని. లాగు, ఇంకాస్త లాగు."

ఇంట్లో భార్య దెప్పేది. "పోనీ కూరగాయలైనా తరగండి, చెయ్యి తిరుగుతుంది." ఆయన నిజంగానే తరిగేవాడు. పాత దిండు గలీబుల మీద కుట్లు వేసేవాడు.

పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నెమ్మదస్తుడు. పెద్ద సర్జను అప్పటికే కడుపు తెరిచి ఉంచాడు.

"ఇక్కణ్ణించి నువ్వు చెయ్యి బాబూ, నేను చూస్తాను," అన్నాడు పరీక్షకుడు.

మూడేళ్లుగా ఎదురుచూసిన మాట. నర్సు కత్తి అందించింది. అలవాటుపడ్డ చెయ్యి ఆ కత్తిని దాటుకుని వెళ్లి కొక్కెం పట్టుకుంది.

ఎవరూ నవ్వలేదు. పెద్ద సర్జను చప్పున కత్తి అందుకుని, "మావాడికి మీరంటే భయమండీ. చెయ్యి మాత్రం బంగారం," అన్నాడు. ఆయన మణికట్టు మీద శిష్యుడి వేళ్లు ఆనాయి. పరీక్షకుడు ఆ వేళ్లవైపు కాసేపు చూసి తల తిప్పుకున్నాడు. తన శిష్యులు ఎలా పాసయ్యారో ఆయనకే తెలియాలి.

పట్టా వచ్చింది. వీధి మొగలో బోర్డు వెలిసింది. దాని మీద పేరుకన్నా చదువుల అక్షరాలే పొడుగు. జనం వస్తారు, నమ్ముతారు. ఆయన రోగం సరిగ్గానే పట్టుకుంటాడు. ఆపరేషన్ కావాలంటాడు. చేయించుకోవడానికి పెద్ద సర్జను దగ్గరికే పంపుతాడు.

"ఆ రోజు ఫెయిల్ చేసి ఉంటే నేర్చుకునేవాణ్ణండీ," అన్నాడు నాతో ఓసారి, టీ చల్లార్చుకుంటూ. "పాస్ చేసి చంపేశారు."

అంతలో ఫోను మోగింది. పెద్ద సర్జను గొంతు నాక్కూడా వినిపించింది. "ఏరా, నువ్వు పంపిన కేసే. కొత్తవాళ్లెవరూ సరిగ్గా లాగడం లేదు. వస్తావా?"

"వస్తున్నా సార్."

టీ అలాగే వదిలేసి లేచాడు.