పెద్దన్నయ్య స్తంభాలు

మా పెద్దన్నయ్యకు ఫొటోలు తీయడం ఎంత బాగా వచ్చో, అసూయపడటం అంతకన్నా బాగా వచ్చు. చిన్నప్పుడు తమ్ముడికి జ్వరమొచ్చి అమ్మ పక్కన కూర్చుంటే, తన ఒళ్లూ కాలిపోతోందని ఈయన మూలుగు మొదలుపెట్టేవాడట.

నాన్న పోయాక, బజారులోని పాత మేడకు మధ్యలో గోడ కట్టి అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. ఒకవైపు పెద్దన్నయ్య స్టూడియో, మరోవైపు చిన్నన్నయ్య కుట్టుమిషన్ల రిపేరు కొట్టు. పెద్దన్నయ్య తన వాటా ముందున్న చెక్కడాల చెక్క స్తంభాలు రెండూ పీకించి, నిలువెత్తు అద్దాలు బిగించాడు. చిన్నన్నయ్య వైపు స్తంభాలు చెదలు పట్టి పుచ్చిపోయాయి. అన్న పారేసినవాటిని తెచ్చి వాటి స్థానంలో నిలబెట్టుకున్నాడు. ఇద్దరికీ పని జరిగింది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

తర్వాత రోడ్డు వెడల్పు పని వచ్చి పడింది. కూల్చకుండా కాపాడాల్సిన పాత కట్టడాలేవో చూడటానికి పట్టణ ప్రణాళిక ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. చిన్నన్నయ్య కొట్టు ముందు ఆగి, స్తంభాల మీది పూలతీగలను వేలితో తడిమి చూసింది. ఆ వాటా జాబితాకెక్కింది. రోడ్డు దాన్ని తప్పించుకుని పోతుందట. అద్దాల స్టూడియో మాత్రం సగానికి పైగా పోతుందట.

అది విన్నప్పటి నుంచి పెద్దన్నయ్యకు కంటి మీద కునుకు లేదు. కడుపుమంట అన్నది మాటవరసకు కాదు, నిజంగానే మందుబిళ్లలు మింగాడు. తనది పోతుందన్న బాధ కన్నా తమ్ముడిది నిలుస్తుందన్న బాధే ఆయన్ని ఎక్కువగా తినేసింది.

"అవి నా స్తంభాలే చెల్లీ! నేను పారేస్తేనే కదా వాడికి దొరికింది!"

"పారేసింది నువ్వే కదన్నయ్యా. ఊరుకో. అక్కడికెళ్లి నోరు జారకు."

ఊరుకుంటే ఆయన మా పెద్దన్నయ్య ఎందుకవుతాడు? అభ్యంతరాలు వినే రోజున అందరికన్నా ముందు లేచాడు. మేడ మొత్తం కనిపించేలా ఎప్పుడో తాను తీసిన ఫొటోను పెద్దది చేయించి, పటం కట్టించి మరీ తీసుకెళ్లాడు.

"చూడండి మేడమ్, వాడి కొట్టు ముందున్న స్తంభాలు ఒకప్పుడు నా వైపున్నవే. జాబితాలో నా వాటా కూడా చేర్చండి."

మేడమ్ పటం చూసి, నిజమేనా అని చిన్నన్నయ్యను అడిగింది. అతను నిజమే అన్నాడు.

"అయితే ఆ ముందుభాగం మొదట కట్టినట్టు లేదన్నమాట. మార్చిన దాన్ని జాబితాలో ఉంచే వీల్లేదండీ," అందామె.

"అయ్యో, వాడిది తీసెయ్యమనలేదు మేడమ్! నాదీ కలపమన్నానంతే," అంటూ పెద్దన్నయ్య ఆమె వెనకాలే మెట్లు దిగాడు. చిన్నన్నయ్య ఆ పటాన్ని బల్ల మీద నుంచి తీసి, భద్రంగా తెచ్చి అన్న చేతికిచ్చాడు. నాకైతే ఇద్దరినీ నిలబెట్టి చెడామడా తిట్టాలనిపించింది.

మేడ పోయింది. కొత్త కాంప్లెక్సులో ఇద్దరికీ చెరో గది ఇచ్చారు. నిన్న పెద్దన్నయ్య మా ఇంటికొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. చేసిన పనికి ఇప్పటికైనా ఏడుస్తాడేమో, ఓదారుద్దామని పక్కన కూర్చుని మంచినీళ్లిచ్చాను. గ్లాసు ముట్టుకోలేదు.

"చూశావా చెల్లీ, వాడి గదికి కిటికీ ఉంది," అన్నాడు.