మూత తీసిన బొగ్గు

గుణదల దగ్గరి కాలేజీలో పోలరాజు ముప్ఫై నాలుగేళ్ళుగా లాబ్ అటెండరు. ఆయన కడిగిన గాజుసామానుతో ప్రయోగం చెడితే తప్పు ప్రయోగానిదే అనేవారు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి, ఒక్కసారి తప్ప.

ఉషశ్రీ పీహెచ్‌డీ విద్యార్థిని. నీళ్ళలో కరిగిన యురేనియాన్ని ఏ బొగ్గు ఎంత పట్టుకుంటుందో చూడడం ఆమె పరిశోధన. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైటు దాని మొహం కూడా చూడలేదు. కొబ్బరిచిప్పల బొగ్గు ఏదో మొహమాటానికి కాస్త పట్టుకుంది. ఇక మిగిలింది పామర్రు మిల్లు నుంచి తెచ్చిన ఊక. "గాలి తగలకూడదు బాబాయ్ గారూ, మూత మాత్రం తియ్యొద్దు" అని మరీ మరీ చెప్పి, ఊక డబ్బాను ఫర్నేసులో కాల్చే పని ఆయనకప్పగించి క్లాసుకు వెళ్ళింది.

ఊక కాలే వాసన లేచింది. అంతే, పోలరాజు బందరులో తమ పెరట్లో ఉన్నాడు. అమ్మ కొండలమ్మ చేపల గంప దించి, పళ్ళపొడికి ఊక కాలుస్తోంది. ఎర్రబడగానే కుండ మూత తీసి, వీధి చివర కుళాయికెళ్ళి బిందెడు నీళ్ళు తెచ్చుకుని, వచ్చి మళ్ళీ మూసేది. "గాలి తగిల్తేనే మెత్తబడుద్దిరా" అనేది. ఎంత హాయైన రోజులవి! తేరుకునేసరికి ఫర్నేసులోని డబ్బా మూత ఆయన పట్టకారుకే ఉంది. గబుక్కున మూసేశాడు.

వారం తిరక్కుండానే ఉషశ్రీ ఎగిరి గంతేసింది. ఆ బొగ్గు యురేనియాన్ని ఉడుంపట్టు పట్టింది. మర్నాడే గైడు గారికి చూపించాలి. పోలరాజుకు తాను మూత తీసిన సంగతి గుర్తొచ్చింది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలీదు. కానీ మూత తియ్యకుండా కాల్చానని ఆ పిల్ల రాస్తుంది. రేపు ఇంకెవరో అలాగే కాల్చి, ఈ ఫలితం రాలేదని ఆమెనే అబద్ధాలకోరంటారు.

"తప్పు చేశానమ్మా. మధ్యలో మూత తీశాను."

ఉషశ్రీ మొహం పాలిపోయింది. స్టూలు మీద కూలబడి నోట్సు తిరగేసింది. తర్వాత చటుక్కున తలెత్తింది.

"గాలి తగిలి బొగ్గుకి ఆక్సిజన్ అంటుకుందండీ. యురేనియం పట్టుకునేది దాన్నే! ఎంతసేపు తీశారు?"

"గడియారం చూళ్ళేదమ్మా. మా అమ్మ కుళాయికెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నంతసేపు. నా కళ్ళముందే వెళ్ళొచ్చింది."

"అయితే నడిచి చూపించండి బాబాయ్ గారూ" అంటూ ఆమె ఫోన్‌లో టైము పెట్టింది.

పోలరాజు వరండాలో బందరు వీధంత దూరం లెక్కవేసుకుని నడిచాడు. వెనక్కి తిరిగాక అడుగు తగ్గించాడు. వచ్చేటప్పుడు అమ్మ చంకలో నిండు బిందె ఉండేది మరి. కళ్ళు చెమర్చాయి. ఇంకాస్త మెల్లగా నడవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ఆ పిల్ల లెక్క తప్పకూడదని, అమ్మ ఎలా నడిచేదో అలాగే నడిచి వచ్చేశాడు.