రాఘవులు పెట్టిన సంతకం

సినిమా ఫైనాన్స్ అంటే వడ్డీ వ్యాపారం అనుకుంటారు జనం. వడ్డీ మాత్రమే అయితే బాగుండును! సినిమాకు అప్పిచ్చినవాడు "నా బాకీ తీరింది, ప్రింట్లు వదలండి" అని లెటరు ఇస్తే తప్ప మద్రాసు ల్యాబ్‌లోంచి ఒక్క ఫిలిం పెట్టె కదలదు. నిర్మాత పీక ఆ కాగితంలో ఉంటుంది.

విజయవాడ గాంధీనగర్‌లో సినిమాలకు అప్పులిచ్చే కోటిలింగం ఆఫీసులో కంభంపాటి వీరరాఘవులు, నేను ఇరవై రెండేళ్లు గుమాస్తాలం. ఆ లెటరు మీద సంతకం పెట్టే అధికారం మా ఇద్దరికీ ఉండేది, ఒక్కరు పెట్టినా చెల్లేది. రాఘవులు కథలు వినేవాడు కాదు, షూటింగులో భోజనాలు చూసేవాడు. లైట్‌బాయ్‌కి పెరుగు తగ్గించే నిర్మాత అప్పు ఎగ్గొడతాడని తేల్చేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

ఒక గురువారం సత్యనాథం అనే కొత్త నిర్మాత అసలూ వడ్డీ పూర్తిగా కట్టేశాడు. మర్నాడే విడుదల. సాయంత్రం రైలుకు పెట్టెలు ఎక్కించాలి. లెటరు ఇవ్వడానికి ఇద్దరం మద్రాసు ల్యాబ్‌లో ఉండగా విజయవాడ నుంచి కోటిలింగం ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను.

"కృష్ణా జిల్లా పంపిణీ హక్కులు నాకు ఊరికే రాసిస్తేనే లెటరివ్వండి."

"బాకీ తీరిపోయిందండీ..."

"నాకే చెప్తావేంటయ్యా? రైలు టైమయ్యేసరికి వాడే కాళ్ల మీద పడతాడు."

ఫోను పెట్టేశాను. సంగతి చెప్పగానే సత్యనాథం మెట్ల మీద కూలబడ్డాడు. "ఇల్లమ్మి కట్టానండీ. కృష్ణా కూడా పోతే నాకేం మిగుల్తుంది?"

"డబ్బు తీసుకుని పెట్టెలాపితే దొంగతనం కాదటయ్యా?" అన్నాడు రాఘవులు నాతో.

"మనకెందుకు గురూ, పిల్లలుగలవాళ్లం."

"నాకు ముగ్గురు, నీకిద్దరు!" అని సంతకం గీకేశాడు. పెట్టెలు రైలెక్కాయి.

ఆ సినిమా నాలుగు రోజులు కూడా ఆడలేదు. ఆడకపోతే ఆడకపోయింది, ఆపే హక్కు ఆ కోటిలింగం వెధవకెక్కడిది? శనివారానికల్లా రాఘవులు ఉద్యోగం ఊడింది. గాంధీనగర్‌లో మరే ఆఫీసూ గడప తొక్కనివ్వలేదు. చివరిదాకా ఒక థియేటర్ సైకిల్ స్టాండులో టోకెన్లు చింపాడు.

మొన్న అతని పెద్దకర్మకు కోటిలింగం కొడుకు పూలదండతో వచ్చి, "మా నాన్నకి కుడిభుజమండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఏ మొహం పెట్టుకుని కొట్టను? మద్రాసు వ్యవహారాలు తెలిసినవాళ్లం ఆఫీసులో మేమిద్దరమే. ఇద్దరం సంతకం పెడితే ఇద్దర్నీ తీసేసే దమ్ము కోటిలింగానికి లేదు. ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు. తెలిసీ పెన్ను తియ్యలేదు.