జాజు గీతలు

దయ్యాలను నమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. బడి మొహం చూడకుండా చదువు నేర్చుకున్నవాణ్ణి. కంటికి కనబడనిది ఒప్పుకునేవాణ్ణి కాను. ఇది మాత్రం కంటితోనే చూశాను.

అరవైల మొదట్లో మాట. మాది తాండూరు. మా నాయన నాపరాయి గనిలో గీతలు కొట్టేవాడు. ఎర్ర జాజుమట్టి కలిపిన నీళ్లలో ముంచిన దారాన్ని బండ మీద గుంజి పట్టి టప్పున వదిలితే గీత పడుతుంది. దాని వెంబడే బండ కోస్తారు. ఆయన పోయిన రెండేళ్లకు నా బిడ్డ పుట్టింది.

ఐదో ఏట దాని మెడ మీద గడ్డ లేచింది. క్యాన్సర్ అన్నారు. పట్నం ఆస్పత్రిలో రోజూ కరెంటు పెట్టేవారు, అదే రేడియేషన్. డాక్టరు కొలిచి గడ్డ చుట్టూ ఊదా సిరాతో నాలుగు గీతలు గీశాడు. హద్దు తప్పితే గొంతు కాలుతుందట. అంత ముఖ్యమైన గీతలను కడగొద్దని మాకు ఒక్కడూ చెప్పలేదు!

ఆదివారం వికారాబాద్‌లో మా అక్క ఇంటికి వచ్చాం. నా భార్య బిడ్డకు తలంటి, మెడ కూడా గట్టిగా రుద్దితే గీతలన్నీ పోయాయి.

"సిరా మరకలనుకున్ననయ్యా! నా చేతులిరగ!" అని ఏడ్చింది.

సోమవారం ఉతికిన తెల్లగౌను తొడిగి రైలెక్కాం. దారి పొడుగునా ఆ మెడనే చూశాను. ఆస్పత్రి వరండాలో ఒళ్లో కూర్చోబెట్టుకుని మళ్లీ చూశాను. ఏమీ లేదు.

లోపల డాక్టరు గౌను మెడ కిందికి లాగాడు. నాలుగు గీతలు. ఎర్రగా, తడిగా.

"ఎవరు గీసిండ్రు గివి?" అని అరిచాడు. పాత కొలతలు రాసుకున్న చీటీ తీసి స్కేలు పెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "జరంత గూడ తేడా లేదు. గింత సక్కగ నేను గూడ గియ్యలె."

"తాత గీసిండు నాయినా," అంది బిడ్డ. "దారం గుంజి టప్పున కొట్టిండు. సల్లగుండె."

ఆ పని దానికి ఎవరూ చూపలేదు. గౌను మీద ఒక్క ఎర్ర చుక్క లేదు.

గడ్డ కరిగింది. ఇప్పుడు నా బిడ్డకే మనుమలున్నారు. ఈ మాట చెబితే కొందరు తెలివిగలవాళ్లు "నువ్వే గీసి మర్చిపోయినవ్ తాతా" అని నవ్వుతారు. ఏం తెలుసు వాళ్లకు? చిన్నప్పుడు నాయన నా చేతికి దారం ఇచ్చి, వంకర కొట్టానని గని నుంచి వెళ్లగొట్టాడు. ఎవరు గీశారో నేను చెప్పలేను. నేను కాదని మాత్రం చెప్పగలను. ఈనాటికీ నాకు తిన్నగా ఒక గీత గీయడం రాదు.