అత్తమ్మను ఇంటికి పంపే చిట్టీ

మా ఆయనకు చిట్టీల పిచ్చి ఉండేది. రేషన్ కార్డుకైనా, నల్లా కనెక్షనుకైనా ఉప్పల్‌లోని మా నాయకుడి దగ్గర సిఫారసు చిట్టీ రాయించుకుంటే గానీ ఆయన మనసు కుదుటపడేది కాదు. పంతొమ్మిది వందల అరవైల చివర్లో మా అత్తమ్మకు జబ్బు ముదిరి, పట్నంలోని పెద్ద దవాఖానాలో చేర్చాల్సి వచ్చినప్పుడూ నాచారం ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి నేరుగా ఆ నాయకుడి దగ్గరికే వెళ్ళాడు. పైగా "జర గట్టిగ రాయి అన్నా" అని బతిమాలాడట. నాయకుడు గట్టిగానే రాశాడు: "ఈమె నాకు తల్లితో సమానం. నా అనుమతి లేనిదే ఇంటికి పంపరాదు."

బెడ్డు దొరికింది. ఇరవై రోజుల తర్వాత డాక్టరు మా ఇద్దరినీ వరండాలోకి పిలిచి, ఇక మందులు పనిచేయవు, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టండి అని మెల్లగా చెప్పాడు. నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళితే అత్తమ్మ అప్పటికే చీర సర్దుకుని కూర్చుంది.

"అంత విన్న. నడువుండ్రి. నా ఇంట్ల, నా మంచం మీద పోత. ఈడ మాత్రం నేను సావ."

డాక్టరు సంతకం పెట్టబోతుంటే గుమస్తా ఆ చిట్టీ తీసి ముందు పెట్టాడు. అసలే ఎన్నికల రోజులు. డాక్టరు పెన్నుకు మూత పెట్టేసి, ముందు నాయకుడితో రాయించుకు రమ్మన్నాడు.

నాయకుడు ప్రచారంలో ఉన్నాడు. మా ఆయన సైకిలు మీద మల్లాపూర్ పోతే రామంతాపూర్‌లో ఉన్నాడనేవారు, రామంతాపూర్ పోతే ఇప్పుడే వెళ్ళాడనేవారు. ఈలోగా సంగతి తెలిసి, ఎదుటి పార్టీ అభ్యర్థి మేం అడక్కుండానే "వెంటనే పంపవలెను" అని ఇంకో చిట్టీ పంపాడు. దాంతో డాక్టరు మరీ బిగుసుకుపోయాడు. రెండు చిట్టీలూ చేతిలో పట్టుకుని, ఎవరికి కోపం వస్తే తనను ఏ అడవికి బదిలీ చేస్తారోనని లెక్కలు వేసుకుంటూ తిరిగేవాడు. అత్తమ్మ కంటే ఆయనకే బీపీ పెరిగిందని నర్సు చెప్పింది.

మూడో రోజు నాయకుడే వచ్చాడు, పళ్ళబుట్టతో, ఫోటోగ్రాఫరుతో. ముసలమ్మను దవాఖానా నుంచి గెంటించాలని అవతలి పార్టీ చూస్తోందని వార్డంతా వినేలా అరిచి, ఫోటో కోసం అత్తమ్మ చేయి పట్టుకున్నాడు. ఫోటో అయిపోయింది. అత్తమ్మ మాత్రం చేయి వదల్లేదు.

"బిడ్డా, నన్ను ఇంటికి తోలు. అప్పుడిడుస్త."

"గట్లెట్లమ్మా? జర నయం గానీ."

"నయం గాదని డాక్టర్ సాబ్ జెప్పిండు. నువ్వేమన్న డాక్టర్‌వా?"

ఏళ్ళ తరబడి బర్రెల పాలు పితికిన చేయి అది. నాయకుడు లాక్కోబోయాడు, రాలేదు. చివరికి ఎడమ చేత్తోనే చిట్టీ రాశాడు. అందులో ఒక్క అక్షరం అర్థం కాకపోయినా గుమస్తా కళ్ళకద్దుకుని తీసుకున్నాడు.

పరువు దక్కించుకోవడానికి ప్రచారం జీపులోనే మమ్మల్ని పంపాడు. మైకు బందు చేయడం డ్రైవరుకు చేతకాలేదు. దారి పొడవునా "మీ అమూల్యమైన ఓటు" అని అది మొత్తుకుంటుంటే, అత్తమ్మ నా ఒళ్ళో తల పెట్టుకుని జనానికి చేయి ఊపుతూనే ఉంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఉప్పల్‌లో ఎవరో దండ కూడా వేశారు.

"గెలిసిన, పిల్లా," అంది నాతో.

ఇంట్లో ఆరు రోజులుంది. పుంటికూర పప్పులో ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది కూడా. ఆ తిట్టు వింటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆరో రోజు పొద్దున ఊపిరి ఎగబోస్తుంటే మా ఆయన గబగబా చొక్కా తొడుక్కుని సైకిలు బయటికి తీశాడు. ఎక్కడికో ఆయనకే తెలియదు.

"ఏడికి రా? ఇంకెవల్నడుగుతవ్? కూసో."

ఆయన సైకిలు అక్కడే వదిలేసి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మా పెళ్ళయిన పదేళ్ళలో ఆయన ఎవరినీ ఏమీ అడగకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను. మధ్యాహ్నం ఆమె పోయేదాకా లేవలేదు.