నాకు అమ్మొద్దన్న చెక్ వాచీ

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇది రాస్తున్న ఈ పూట కూడా నమ్మడం లేదు. గుడివాడలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. జవాబు రాలేదంటే మనమే ఎక్కడో ఒక మెట్టు వదిలేశామని పిల్లలకి చెబుతాను. ఈ లెక్కలో ఏ మెట్టు వదిలేశానో మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

మా నాన్న బందరు కోనేరు సెంటరు దగ్గర వాచీలు బాగుచేసేవారు. నాకీ పిచ్చి ఆయన దగ్గరే పట్టింది. అందరూ స్విస్ వాచీల వెంట పడుతుంటే నేను ఒకప్పటి చెకోస్లొవేకియాలో తయారైన కీ వాచీలు పోగుచేస్తాను. ఆ పేరుతో ఇప్పుడు దేశమే లేదు. పల్చటి వాచీ, తెల్లటి డయలు, అంకెల బదులు సన్నటి గీతలు. పెళ్లికో సభకో పెట్టుకెళ్లే రకం. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. అప్పటికి నా దగ్గర పద్నాలుగు ఉండేవి, అన్నీ వెల్వెట్ పెట్టెలో.

ఆ పెట్టె నాన్నకి గిట్టేది కాదు. "వాచీ చేతికుండాలి గానీ పెట్టెలో పడుకోబెడతావేంటే?" అనేవారు. దాని మీద మా ఇద్దరికీ చాలాసార్లు మాటా మాటా వచ్చింది. నేను వినలేదు.

రెండేళ్ల కిందట జూన్‌లో ఆయన పోయారు. నెల తిరక్కుండా కొట్టు ఖాళీ చేశాం. పనిముట్లు, విడిభాగాలు గుడివాడ తెచ్చుకున్నాను. ఒక్కో పొట్లం విప్పి చూసి, లోపలేముందో పైన రాసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

మరుసటి మార్చిలో, నాగాయలంకలో ఒకరింట్లో చెక్ వాచీ ఉంది, అమ్ముతారట అని మా స్కూలు టీచరొకావిడ చెప్పింది. ఆదివారం బస్సెక్కి అవనిగడ్డలో దిగి, ఆటోలో వెళ్లాను. వీరాస్వామి అని చేపల వ్యాపారి. ఆ వాచీ వాళ్ల నాన్నదట. అమ్మేద్దామని పట్టుబట్టింది ఆయన భార్య నాగమణి. ఇద్దరూ ఒప్పుకున్నాక, లోపల ఎలా ఉందో చూద్దామని వసారాలో మంచం మీదే వెనక మూత తీశాను.

వాచీలు బాగుచేసేవాళ్లు మూత లోపలివైపు సూదితో తమ గుర్తు గీసుకుంటారు, ఎప్పుడు చేశారో తెలియడానికి. నాన్న నెలా సంవత్సరమూ తెలుగు అంకెల్లో గీసేవారు. అలా ఇంకెవరూ గీయగా నేను చూడలేదు. ఈ మూతలో ఆయన గుర్తులు మూడున్నాయి. రెండు పాతవి. మూడోది అంతకు ముందు నవంబరుది. అంటే ఆయన పోయిన ఐదు నెలలకి గీసినది.

"ఇది మా నాన్న గుర్తండీ" అన్నాను.

వీరాస్వామి చెయ్యి చాచి వాచీ తీసేసుకున్నాడు. "ఆయన మీ నాన్నగారాండీ? అయితే ఇది మీకు అమ్మనండి."

"అదేంటయ్యా, మాటిచ్చి!" అంది నాగమణి.

"ఆయనే చెప్పారే. కార్తీకమాసంలో బందరొచ్చి, గిలకలదిండి రేవులో పని చూసుకుని, వాచీ ఆగిపోయిందని కొట్టుకెళ్లాను. నన్ను కూర్చోబెట్టి స్ప్రింగు మార్చారు. 'మా అమ్మాయి కొంటానని వస్తుంది, ఇవ్వకు. నువ్వే పెట్టుకో' అన్నారు. ఏదో నవ్వులాటకన్నారనుకున్నానండి."

"మా నాన్న జూన్‌లోనే పోయారండీ."

"భలేవారే! గంటసేపు ఎదురుగా కూర్చున్నానండి. ఎడంకంటికి భూతద్దం పెట్టుకుని చూశారు కూడాను."

నాన్న జన్మంతా కుడికంటికే అద్దం పెట్టుకున్నారు. కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక, ఆఖరి ఏడాది మాత్రమే ఎడమకి మారారు. మూతలో రెండో గుర్తు ప్రకారం, వీరాస్వామి అంతకు ముందు కొట్టుకెళ్లింది ఆరేళ్ల కిందట.

నాగమణి లేచి నా దగ్గరకొచ్చింది. "అమ్మా, ఊరికే తీసుకుపోండి. ఇంట్లో ఉంచద్దు" అంది. వీరాస్వామి వినలేదు. "నాకాయన చెడ్డ మాటేం చెప్పలేదు. ఉంచుకుంటాను" అని చేతికి పెట్టేసుకున్నాడు.

తిరుగు దారిలో బందరులో దిగాను. నాన్న కొట్టులో సెల్‌ఫోన్ల షాపుంది. "ఆగస్టు నుంచి రోజూ నేనే కదండీ కూర్చుంటున్నాను" అన్నాడు ఆ కుర్చీలో ఉన్నాయన. ఇంటికొచ్చి బీరువా తీశాను. చెక్ వాచీ స్ప్రింగులు రెండుండాలి. పొట్లం మీద నా చేత్తోనే 'రెండు' అని రాశాను. లోపల ఒకటే ఉంది.

మా తమ్ముడికి చెబితే, "అక్కా, శాంతి చేయిద్దాం. ఆ వాచీలన్నీ వదిలించుకో" అన్నాడు.

చేయించనన్నాను. ఎదురుగా నిలబడి చెప్పినప్పుడే నేను నాన్న మాట వినలేదు. ఇప్పుడు పరాయి మనిషితో కబురు పంపిస్తే వింటానా? ఆ తర్వాత ఇంకో మూడు కొన్నాను. వాటినీ పెట్టెలోనే పెట్టాను.

ఆలోచించకుండా కూర్చోలేదు. వీరాస్వామి అబద్ధం చెప్పాడేమో అనుకున్నాను. అమ్మకుండా ఉండటానికి అంత కథ అక్కర్లేదు. స్ప్రింగులు నేనే తప్పు లెక్కపెట్టానేమో. నాన్న గుర్తు తెలిసినవాళ్లెవరో గీశారేమో. ఒక్కోదానికీ ఏదో ఒక జవాబు చెప్పుకోవచ్చు. అన్నిటికీ కలిపి సరిపోయే జవాబు మాత్రం లేదు.

ఈ సంక్రాంతి వెళ్లాక వీరాస్వామి తనే గుడివాడ వచ్చాడు. వాచీ వెనకబడుతోంది, శుభ్రం చేసిపెట్టమన్నాడు. ముందు గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, మూత తీసి, ఆ మూడో గుర్తుని భూతద్దంలో చాలాసేపు చూశాను. ఆఖరి రెండేళ్లూ నాన్నకి చెయ్యి వణికేది. అప్పుడు గీసిన గుర్తులన్నీ వంకరటింకరగా ఉంటాయి, ఎన్నో చూశాను. ఇది తిన్నగా ఉంది. నా చిన్నప్పుడు ఆయన గీసినంత తిన్నగా.

ఎవరు గీశారో నాకు తెలియదు. నాన్నే అయితే, చెయ్యి అంత కుదురుకున్నాక నా దగ్గరికి రాకుండా వీరాస్వామిని కూర్చోబెట్టుకున్నందుకు నాకు కోపంగా ఉంది. ఎన్నాళ్లయినా ఆ కోపం పోదు.

నూనె వేసి, మూత బిగించి, కీ ఇచ్చి వాచీ ఆయన చేతిలో పెట్టాను. "ఇప్పుడైనా అమ్ముతారా?" అని అడిగాను.

"అమ్మనండి" అన్నాడు.

మళ్లీ అడుగుతాను.