గోడ మీద చెన్నూరు

2023 ఎండాకాలం. మంచిర్యాల స్టేషన్ రోడ్డులో ఒక మందుల దుకాణం పైన, రెండు గదుల్లో నా ఫిజియోథెరపీ క్లినిక్. మోకాళ్ళ నొప్పులకు వైద్యం చేసే చోటికి నిటారు మెట్లెక్కి రావాలి. పైకి రాగలిగినవాళ్ళకు సగం నయమైనట్టేనని కింద మందులాయన నవ్వుతుంటాడు. చేయి తిరిగిన దాన్నని నేనెప్పుడూ చెప్పుకోను. నా వృత్తిలో తిరగాల్సింది నా చేయి కాదు, వచ్చినవాళ్ళది. ఇంకెక్కడైనా చేతులెత్తేస్తే ఓడిపోయినట్టు. నా దగ్గర చేతులెత్తితేనే గెలిచినట్టు.

ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు ఆ మెట్లెక్కి వచ్చారు. ముందు వచ్చిన పెద్దామె చేతిలో మజ్జిగ సీసా. వెనకామె తలకు స్కార్ఫ్ కట్టుకుని, కుడిచేతిని ఒంటికి అతికించినట్టు పట్టుకుని ఉంది. పేరు మార్చి చెబుతాను, భాగ్య. వయసు నలభై దాటింది. నస్పూర్‌లో ఇల్లు, భర్తది బొగ్గుబాయి ఉద్యోగం, తనేమో మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే బస్సులో కండక్టర్. మజ్జిగ సీసా పట్టుకున్నామె భాగ్య ఆడబిడ్డ కనకవ్వ. భాగ్య ఆమెను వదినె అని పిలుస్తుంది.

భాగ్యకు కుడి రొమ్ములో క్యాన్సర్. హైదరాబాద్‌లో ఆ రొమ్ము తీసేసి, అదే ఆపరేషన్‌లో వీపు కండరంతో కొత్తది కట్టారు. దీన్ని ఎల్.డి. ఫ్లాప్ అంటారు. వీపు మీద వెడల్పుగా పరుచుకుని ఉండే కండరాన్ని, దాని రక్తనాళం తెగకుండా, చంక కిందుగా ముందుకు తిప్పి ఛాతీ మీద కుడతారు. ఇల్లు మారినా కండరానికి పాత అలవాట్లు పోవు; చేయి కదిపినప్పుడల్లా కొత్త రొమ్ము అదురుతుంది. గాయాలు మానగానే కరీంనగర్‌లో కీమో మొదలుపెట్టారు. మొదటిది అయ్యాక నా దగ్గరికి పంపారు. అప్పటికి చేయి భుజం ఎత్తుకు కూడా రావడం లేదు.

నేను అలవాటు ప్రకారం గోనియోమీటర్ తీశాను. కీలు ఎంత వంగుతుందో డిగ్రీల్లో చెప్పే స్కేలు అది. కొలిచి, ధైర్యం చెబుదామని, "నూట ఇరవై డిగ్రీలు వస్తే చాలక్కా. తల దువ్వుకోవచ్చు" అన్నాను.

"దువ్వెటందుకు ఎంటికలే లేవు గద డాక్టరమ్మా. నాకు తాడు అందాలె."

"ఏం తాడు?"

"బస్సుల గంట తాడు. ఒక్కసారి గుంజితె డ్రైవర్ ఆపాలె, రెండుసార్లు గుంజితె పోనియ్యాలె. అది అందకుంటె నేను కండక్టర్ను కాదు, ప్యాసింజర్ను."

"ఎడమ చేత్తోని గుంజరాదు?" అంది కనకవ్వ.

"ఎడమ చేతిల టికెట్ మిషిన్ ఉంటది వదినె. పండ్లతోని గుంజాల్నా?"

కీమో అంతా అయ్యాక, ఆమె బస్సెక్కగలదో లేదో డాక్టర్లు చూసి చెబుతారు. ఎక్కలేదంటే డిపోలో కుర్చీ పని. ఇంట్లో అందరికీ ఆ కుర్చీయే నచ్చింది, భాగ్యకు తప్ప.

నాకు లోపల ఇంకో దిగులు ఉంది. పైకెత్తిన చేతిని బలంగా కిందికి లాగడమే వీపులోని ఆ కండరం అసలు పని. అంటే తాడు గుంజే కండరమే ఇప్పుడు రొమ్మయి కూర్చుంది. దాని పని పక్క కండరాలకు నేర్పాలి. చేయి ఎత్తించడం ఒక ఎత్తు, గుంజించడం ఇంకో ఎత్తు.

వాల్ వాకింగ్‌తో మొదలుపెట్టాం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో మెల్లగా పైకి నడవాలి. ఎక్కడ ఆగితే అక్కడ నేను చాక్‌పీస్‌తో గీత గీసి తేదీ వేస్తాను. మొదటి గీత గీయగానే భాగ్య ఆపింది.

"తారీఖు వద్దు. మంచిర్యాల అని రాయుండ్రి."

రాశాను. ఆ తర్వాత బస్సులో తాడు ఎంత ఎత్తున ఉంటుందో గుర్తు చేసుకుని, అక్కడ చెన్నూరు అని రాయమంది. నేను పొట్టి. స్టూలెక్కి రాయాల్సి వచ్చింది. వైద్యం చేసే మనిషికే అందని చోట గమ్యం పెట్టుకున్న పేషెంట్‌ను అదే మొదటిసారి చూడడం. నడుమ దారిలో వచ్చే స్టాపులు నస్పూర్, శ్రీరాంపూర్, జైపూర్, భీమారం కూడా ఆమే చెప్పి రాయించింది.

వేళ్ళు పైకి నడుస్తుంటే జాకెట్ లోపల రొమ్ము ఎగిరింది. "సూడు వదినె, గుంతల పడ్డ బస్సు లెక్క ఎట్ల ఎగురుతున్నదో" అని భాగ్య అంటే, కనకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆగక.

రెండో కీమో నాటికి శ్రీరాంపూర్ దాటింది. కీమో ఎక్కిన వారం మాత్రం ఒళ్ళంతా పిండేసినట్టు అయ్యి, బస్సు మళ్ళీ నస్పూర్‌కే వచ్చేది. అలాంటి ఒక రోజు, అంతకుముందు అందుకున్న పై గీత చూస్తే బెంగపడుతుందని తుడవబోయాను.

"ఎందుకు తుడుస్తున్నరు? బస్సు ఖరాబై ఆగితె స్టాపును పీకేస్తరా?"

గుడ్డ పక్కన పెట్టేశాను.

తర్వాత మందు మార్చారు. కొత్త మందుకు వేళ్ళ కొనలు తిమ్మిరెక్కాయి, గోళ్ళు నల్లబడ్డాయి. "ఏళ్ళు గోడ మీద ఉన్నయో లేవో తెలుస్తలేదు డాక్టరమ్మా" అంటూ, కళ్ళతో వేళ్ళను కనిపెట్టుకుంటూ ఎక్కేది. జైపూర్ దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు వచ్చినా జైపూరే. ఒక రోజు మోచెయ్యి వణికి చేయి జారితే, కనకవ్వ ఉండబట్టలేకపోయింది.

"నేను అప్పుడే చెప్పిన. ఉన్న రోగం తీయించుకొని ఊకుంటె అయిపోతుండె. గీ వయసుల అది ఎవలు సూస్తరు? ఈపుల కండ ఇచ్చి చెయ్యి పోగొట్టుకున్నది."

భాగ్య నా వైపు తిరిగింది. "నిజమేనా? అది చేయించుకోకుంటె చెయ్యి జల్ది లేస్తుండెనా?"

మాట దాటేయవచ్చు. ఆమె కళ్ళు చూశాక మనసు రాలేదు. "లేస్తుండె కావచ్చు అక్కా. ఇంత కష్టం ఉండేది కాదు" అన్నాను.

భాగ్య వేళ్ళు మళ్ళీ గోడకు ఆనించి, వదినె వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"బస్సుకు అద్దం పగిలితె కొత్తది ఏస్తరు. అద్దం లేకున్నా నడుస్తది గద, మరి ఎందుకేస్తరు వదినె? ఎవలు సూస్తరని అడుగుతున్నవు. తానం చేసేటప్పుడు నేను సూస్త. నేను మనిషిని కానా? నాకు అది కావాలె, తాడు కావాలె. రెండిట్ల ఒకటే తీస్కొమ్మని ఎవలన్నరు? పిల్లలకు సగం టికెట్ కొడ్త నేను. నాకు నేను కొట్టుకోను."

కనకవ్వ సీసా మూత తీసి మరదలి నోటి దగ్గర పెట్టింది. "తాగు. తాగి మళ్ళ ఎక్కు. భీమారం ఎంత దూరం ఉన్నది గిప్పుడు."

ఆ రోజు నుంచి నాకంటే పెద్ద ఫిజియోథెరపిస్ట్ కనకవ్వే. ఇంట్లో దూలానికి తాడు కట్టి, చివర ఇత్తడి చెంబు, అందులో చెంచా వేలాడదీసిందట, గుంజితే మోగేలా. పొద్దున్నే లేపి, మోగేదాకా చాయ్ పోయలేదట. పక్కింటివాళ్ళు వచ్చి ఏం పూజ అని అడిగితే, "చెన్నూరు బస్సు" అని జవాబిచ్చిందట. గుంజడం నేర్పాలన్న నా దిగులును ఆ చెంబు చాలావరకు తీర్చింది. నేను చేసిందల్లా ఏ భంగిమలో గుంజాలో చూపించి, ఎక్కువ గుంజవద్దని కసరడమే.

ఆఖరి కీమో అయిపోయి, వేళ్ళ తిమ్మిరి పూర్తిగా తగ్గకముందే, ఆమె మధ్యవేలు చెన్నూరు గీతను తాకింది. తాకి, కిందికి దించకుండా అలాగే నిలబడింది. "దిగుండ్రి, దిగుండ్రి, ఆఖరి స్టాపు" అంది కనకవ్వ, కళ్ళు తుడుచుకుంటూ.

మరుసటి ఏడాది, మంచం మీదున్న ఒక పేషెంట్‌ను చూడడానికి చెన్నూరు బస్సెక్కాను. భాగ్య డ్యూటీలో ఉంది. తల మీద స్కార్ఫ్ లేదు, వేలెడంత జుట్టు ఉంగరాలు తిరిగి ఉంది. నా ముందు సీటాయన నవ్వుతూ అడిగాడు, "ఏంది కండక్టరమ్మా, ఏములాడ గుడికి పోయి గుండు కొట్టిచ్చుకున్నవా?"

"లే తాతా, ఇంకా దూరం పోయొచ్చిన. టికెట్ తీస్కో."

నన్ను చూసి మొహమంతా నవ్వింది కానీ, చెయ్యి మాత్రం చాపే ఉంచింది. "డాక్టరమ్మా, మీది సుత." నేనూ ఆధార్ చూపించి, ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్ తీసుకున్నాను. నా గోడ మీద ఆమె మాత్రం చెన్నూరు దాకా ఊరికే పోలేదు. ఎడమ చేతిలో మిషిన్, కుడిచేయి పైకి పోయింది. ఎదురుగా కూర్చున్నాను కనుక నాకు కనిపించింది: తాడు గుంజినప్పుడు యూనిఫాం కోటు కింద ఆ కండరం కూడా ఎగిరింది. అది కూడా డ్యూటీ ఎక్కింది. రెండు గంటలు మోగాయి. బస్సు కదిలింది.

ఆ కేసు తర్వాత "ఇంత వస్తే చాలు" అనడం మానేశాను. చాలు అనే మాట వచ్చినవాళ్ళది, నాది కాదు. భుజం నొప్పితో ఎవరు వచ్చినా ముందు, పైన ఏమున్నదని అడుగుతాను. ఒకామె అటక మీది బియ్యం డబ్బా అంటుంది, ఇంకొకాయన బట్టల దండెం అంటాడు. గోడ మీద అదే రాస్తాను. మొన్న క్లినిక్‌కు రంగు వేయించినప్పుడు భాగ్య గీతలున్న ఆ పట్టీ మాత్రం వదిలేయమన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు కింద మంచిర్యాల నుంచి పైదాకా చదువుకుంటూ పోయి, అక్కడిదాకా మనిషి చెయ్యి పోతుందా అని అడుగుతారు. పోతుందని చెబుతాను. నాకు మాత్రం ఇప్పటికీ స్టూలు కావాలి.